ముందు తరాజు, తర్వాత ట్యూనింగ్

మన ఇళ్లల్లో ఆడపిల్ల షాదీకి బంగారం కొనేటప్పుడు ఎవ్వరూ అందాజాకి ఒప్పుకోరు. తులాలే కాదు, మాషాలు, రత్తీల దాకా హిసాబ్ అడుగుతారు. దాదీమా కళ్లజోడు సర్దుకుని మరీ తరాజు ముల్లు వైపు చూస్తుంది. గోష్త్ దుకాణంలో కిలోకి యాభై గ్రాములు తగ్గితే అక్కడే జగడా మొదలవుతుంది. అదే ఖాందాన్ పది లక్షలు పెట్టి కొన్న కారును మాత్రం "పికప్ పెంచుతాం" అన్న కుర్రాడికి అప్పగించి చాయ్ తాగడానికి వెళ్లిపోతుంది. అతను స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కి కేబుల్ తగిలిస్తాడు. ఎక్కడి నుంచో వచ్చిన ఫైల్‌ను ల్యాప్‌టాప్ నుంచి ఎక్కిస్తాడు. అరగంటలో "స్టేజ్ వన్ హోగయా భాయ్" అంటాడు. ఇంజన్‌లోకి హవా ఎంత పోతోంది, పెట్రోల్ ఎంత పోతోంది, నువ్వు మార్చాక ఆ లెక్క ఎంతకొచ్చింది అని అడిగితే మొహాలు చూసుకుంటారు. కొలిచే సామానే అక్కడ ఉండదు.

నా రాయ్ సాఫ్‌గా చెబుతాను. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ లేకుండా ఇంజన్ ట్యూన్ చేసేవాడు పరాయి సొమ్ముతో జూదం ఆడుతున్నట్టే. ముందు ఆ సెన్సర్ బిగించాలి. అది ఏం చెబుతోందో చూడాలి. ఆ తర్వాతే దేన్నైనా మార్చాలి. ఈ వరస తప్పితే ఒక గాడీ పాడవడంతో ఆగదు, మన కార్ఖానాల మీద జనానికున్న భరోసా కూడా పోతుంది.

ఇది మన ఇంటి సంగతే

"కార్ల షౌక్ ఉన్న మగపిల్లల గొడవ, మనకెందుకు?" అని ఆపాలు అనొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగి చూడండి. గుంటూరులో, కడపలో, హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో తిరగండి. డెంటింగ్, పెయింటింగ్, రేడియేటర్, కరెంటు పని, ఇంజన్ పని, ఎక్కడ నిలబడ్డా ఉర్దూ చెవిన పడకుండా ఉండదు. చదువు ఆగిపోయిన పిల్లాణ్ణి అమ్మీ చెయ్యి పట్టుకుని తెచ్చి ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టిన కథ మన ప్రతి మొహల్లాలో ఉంది. ఆ షాగిర్దుల్లో కొందరు ఇవాళ షార్జాలో, దమ్మామ్‌లో గ్యారేజీల్లో పనిచేసి ఇక్కడి ఇళ్లు నడుపుతున్నారు. తెలుగులో మరమ్మతు, కార్ఖానా, తరాజు, అందాజు, హామీ అనే మాటలన్నీ మన జబాన్ మీదుగా వచ్చినవే. ఇన్నేళ్లూ ఆ మాటలను నిలబెట్టింది మన వాళ్ల చేతి పని.

అందుకే ఆ పని ఇప్పుడు ఏ దారిలో పోతోందన్న ఫిక్ర్ మనకుండాలి.

పాత ఉస్తాదులను నేను తక్కువ చెయ్యడం లేదు. కార్బురేటర్ రోజుల్లో వాళ్లది అసలైన ఇల్మ్. ప్లగ్గు విప్పి దాని రంగు చూసేవాళ్లు. బూడిద కలిసిన గోధుమ రంగుంటే ఠీక్, మసి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా సున్నంలా ఉంటే తక్కువ. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి వాసన చూసేవాళ్లు. స్క్రూ పావు చుట్టు తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లు. అదంతా కొలతే. ఆ కాలానికి దొరికిన కొలత అది.

మరి ఇవాళ్టి కుర్రాడు ఏం చేస్తున్నాడు? ప్లగ్గు విప్పడు. వాసన చూడడు. వైడ్‌బ్యాండ్ కూడా పెట్టడు. ఉస్తాద్ దగ్గరున్న పాత కొలత వదిలేశాడు, కంపెనీ ఇంజనీర్ దగ్గరుండే కొత్త కొలత తెచ్చుకోలేదు. చేతిలో ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి జనం నమ్ముతున్నారు, అంతే.

కొలవాల్సింది దేన్ని?

ఒక గ్రాము అసలు పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. హవా, పెట్రోల్ సరిగ్గా సరిపోయిన ఆ స్థితిని లాంబ్డా 1 అంటారు. అంకె ఒకటి కంటే పెరిగితే హవా ఎక్కువ, అంటే లీన్. తగ్గితే పెట్రోల్ ఎక్కువ, అంటే రిచ్. మామూలుగా రోడ్డు మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజన్ లాంబ్డా 1 దగ్గర నడుస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం కావాలనే రిచ్ చేస్తారు. టర్బో లేని ఇంజన్‌కి 0.86 నుంచి 0.90 దాకా, టర్బో ఉన్నదానికి 0.78 నుంచి 0.85 దాకా ఉంచడం మామూలు. తాకత్‌కి అది అవసరం, పైగా ఆ ఎక్కువ పెట్రోల్ లోపలి వేడిని కాస్త అదుపులో పెడుతుంది.

పూర్తి లోడ్ మీద లీన్ అయితే మంట వేడెక్కుతుంది, పేలుడు అదుపు తప్పుతుంది, పిస్టన్ అంచు కరుగుతుంది. దీనికి నెలలు పట్టదు, ఒక్కోసారి నిమిషం చాలు. మరీ రిచ్ అయితే నుక్సాన్ నెమ్మదిగా వస్తుంది. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి, సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ చెడుతుంది. మొదటి రోజు రెండు గాడీలూ డ్రైవర్‌కి బాగానే ఉన్నట్టు అనిపిస్తాయి. లీన్ గాడీ అయితే ఇంకా హుషారుగా కూడా అనిపించొచ్చు. వీపుకి తెలిసే పికప్‌ను నమ్మకూడదని చెప్పేది అందుకే.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్ కూడా మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనం 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై దేశమంతా పాకింది. దానికి కావాల్సిన గాలి లెక్క 14.7 కాదు, సుమారు 13.5. అంటే కార్బురేటర్ జెట్లు మార్చని పాత గాడీలో మిక్చర్ దానంతట అదే ఏడెనిమిది శాతం లీన్ అయిపోతుంది. ఉస్తాద్ ఇరవై ఏళ్ల తజుర్బా అంతా పాత పెట్రోల్ మీద సంపాదించినది. పెట్రోల్ మారాక ఆ అందాజా కూడా మారాలి కదా!

కంపెనీ సెన్సర్ ఉంది కదా అంటే

"కారులో ఆక్సిజన్ సెన్సర్ కంపెనీయే ఇచ్చింది, మళ్లీ ఇంకోటెందుకు?" ఈ సవాల్ నేను తరచూ వింటాను. సబబైన సవాలే.

1976లో బాష్ కంపెనీ మొదటి లాంబ్డా సెన్సర్‌ను తయారు చేసి వోల్వో కార్లకు ఇచ్చింది. జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థానికి ఒక వైపు సైలెన్సర్ పొగ, ఇంకో వైపు బయటి గాలి తగులుతాయి. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న ఫరక్‌ను బట్టి చిన్న వోల్టేజీ పుడుతుంది. రిచ్ అయితే 0.8, 0.9 వోల్టులు, లీన్ అయితే 0.1 వోల్టు. మధ్యలో, లాంబ్డా 1 దగ్గర, గోడ దూకినట్టు ఒక్కసారిగా మారిపోతుంది. దీన్నే న్యారోబ్యాండ్ అంటారు. సాలన్‌లో నమక్ ఎక్కువైందా తక్కువైందా అంటే ఇది చెబుతుంది. ఎన్ని చెంచాలు ఎక్కువైంది అంటే చెప్పలేదు. లాంబ్డా 1 చుట్టూ తిప్పడానికి కంపెనీకి అంత చాలు. పూర్తి తొక్కులో 0.85 ఉందా 0.95 ఉందా అని తేల్చుకోవాల్సిన ట్యూనర్‌కి అది బేకార్. ఆ సెన్సర్‌కి రంగు లైట్ల మీటరు తగిలించి "మిక్చర్ చూపిస్తోంది" అనేవాళ్లను నమ్మకండి.

వైడ్‌బ్యాండ్ పని మన పాత తరాజు లాంటిదే. ఒక తట్టలో సరుకు పెడతాం. ముల్లు మధ్యకు వచ్చే దాకా రెండో తట్టలో రాళ్లు వేస్తాం. ఎన్ని రాళ్లు వేశామో లెక్కపెడితే అదే బరువు. ఈ సెన్సర్‌లో పాత జిర్కోనియా గదికి తోడు ఇంకో పంపు గది ఉంటుంది. రెంటి మధ్య సన్నని ఖాళీ. ఆ ఖాళీలో ఎప్పుడూ లాంబ్డా 1 ఉండేలా కంట్రోలర్ ఆక్సిజన్‌ను అవసరాన్ని బట్టి లోపలికో బయటికో తోస్తూ ఉంటుంది. అలా తొయ్యడానికి ఎంత కరెంటు పట్టిందో చూస్తే మిక్చర్ ఎంత తప్పిందో తెలుస్తుంది. సరిగ్గా లాంబ్డా 1 ఉంటే ఆ కరెంటు సున్నా. అందుకే దీనికి వట్టి సెన్సర్ చాలదు, దాన్ని నడిపే కంట్రోలర్ తప్పనిసరి.

రికార్డు లేకపోతే ఇన్సాఫ్ లేదు

మా దూరపు చుట్టాల్లో ఒక అబ్బాయి ఉన్నాడు. ఉద్యోగం వచ్చాక లోన్ మీద టర్బో పెట్రోల్ కారు కొన్నాడు. ఏడాది తిరక్కుండా ఒకచోట సాఫ్ట్‌వేర్ మార్పించాడు, సైలెన్సర్ ముందరి పైపు కూడా మార్పించాడు. రెండు నెలలు అందరికీ చూపించుకుని తిరిగాడు. ఒక రాత్రి హైవే మీద బండి లాగడం మానేసింది, వెనక నీలం పొగ. విప్పి చూస్తే మూడో సిలిండర్‌లో పిస్టన్ అంచు కరిగి ఉంది.

ట్యూన్ చేసినవాళ్లు "పెట్రోల్ ఖరాబ్" అన్నారు. బంకు వాళ్లు "మీ బండే మార్చిన బండి" అన్నారు. కంపెనీ వారంటీ ఇవ్వమంది, సాఫ్ట్‌వేర్ మారింది కాబట్టి. వాళ్ల అబ్బాజాన్ నన్ను పంచాయతీకి పిలిస్తే నేను అడిగింది ఒక్కటే: ట్యూనింగ్ రోజు తీసిన మిక్చర్ రికార్డు ఏది? లేదు. ఎవరి దగ్గరా లేదు. తప్పు వాళ్లదే అయి ఉండొచ్చు, పెట్రోల్‌దే అయి ఉండొచ్చు. తేల్చే కాగితమే లేనప్పుడు ఎవరిని పట్టుకుంటాం? ఆ ఇంట్లో ఇప్పటికీ నెల నెలా ఈఎంఐ కడుతున్నారు, ఇంజన్ పనికి చేసిన అప్పు వేరే.

వైడ్‌బ్యాండ్ రికార్డు నిజాయితీగా పనిచేసిన మిస్త్రీని కూడా కాపాడుతుంది. "బండి నా చేతిలోంచి వెళ్లిన రోజు పూర్తి లోడ్‌లో 0.82 ఉంది, ఇదిగో" అని చూపించగలిగినవాడి ఇజ్జత్ ఎవరూ తియ్యలేరు.

ఏది కొనాలి

మొదట, కొనాలా వద్దా? మార్పులేవీ చెయ్యని ఇంటి కారుకి కొనకండి. కొత్త పెట్రోల్ కార్లలో చాలావాటికి ముందరి సెన్సర్ వైడ్‌బ్యాండే ఉంటుంది. చవక ఓబీడీ స్కానర్‌తో ఆ లాంబ్డా అంకెను, కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్‌ను చూడొచ్చు. మైలేజీ తగ్గిందని వచ్చిన కస్టమర్‌కి ముందు అది చూసి చెప్పడం ధరమ్. వేరే వైడ్‌బ్యాండ్ కావాల్సింది కార్బురేటర్ గాడీలకు, న్యారోబ్యాండ్ ఉన్న గాడీల్లో పని చేసేటప్పుడు, ఇంజన్ మార్చిన లేదా రేస్ ట్రాక్ కోసం తయారు చేసే గాడీలకు.

కొనాలనుకుంటే సెన్సర్ పేరు చూడండి. బజార్‌లో ఎక్కువ కంట్రోలర్లు బాష్ ఎల్‌ఎస్‌యూ 4.2 మీద గానీ ఎల్‌ఎస్‌యూ 4.9 మీద గానీ నడుస్తాయి. 4.2 పాత తరం. పోల్చుకోవడానికి దానికి బయటి గాలి కావాలి, ఆ గాలి మురికైతే అంకె తప్పుతుంది. 4.9కి ఆ అవసరం లేదు, తనకు కావాల్సిన ఆక్సిజన్‌ను తనే పంపు చేసుకుంటుంది. కొత్తగా కొనేవాళ్లకు నా మష్వరా 4.9. ఒకదాని కోసం చేసిన కంట్రోలర్‌కి ఇంకోటి తగిలించకండి. కనెక్టర్లు వేరు, లోపలి లెక్క వేరు.

ఆ కనెక్టర్ గురించి ఒక హెచ్చరిక. సెన్సర్ నుంచి ఐదు తీగలు వస్తాయి, కనెక్టర్‌కి ఆరు కాళ్లుంటాయి. ఆ ఆరోదాని కోసం కనెక్టర్ లోపలే చిన్న రెసిస్టర్ ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ ఒక్క సెన్సర్‌ను కొలిచి దానికోసమే సరిచేసిన రెసిస్టర్ అది. తీగ పొడవు చాల్లేదని కనెక్టర్ కోసి పారేస్తే సెన్సర్ తాలూకు హిసాబ్ అంతా చెత్తబుట్టలో పడ్డట్టే. పొడవు కావాలంటే కంట్రోలర్ వైపు పెంచండి.

కంట్రోలర్‌లో నేను చూడమనేవి మూడు. ఒకటి, ల్యాప్‌టాప్‌కో ఇంజన్ కంప్యూటర్‌కో అంకెలు పంపించే దారి, అంటే 0 నుంచి 5 వోల్టుల అవుట్‌పుట్ లేదా క్యాన్ లైను. మెరిసే మీటరు ఒక్కటే ఉంటే సరిపోదు. నూట ఇరవై మీద పోతూ మీటరు చదివేవాడు రోడ్డు చూడడు. రెండు, అంకెను లాంబ్డాలో చూపించే సౌలత్. 14.7 భాషలో మాట్లాడే మీటరు లోపల లాంబ్డాను 14.7తో గుణించి చూపిస్తుంది. బంకులో ఏ పెట్రోల్ పోశారో దానికి తెలియదు. సీఎన్‌జీకి లెక్క సుమారు 17.2. లాంబ్డా అయితే పెట్రోల్‌కైనా, ఇథనాల్ పెట్రోల్‌కైనా, సీఎన్‌జీకైనా ఒకటి అంటే ఒకటే. మూడు, సెన్సర్ విడిగా దొరకడం. సెన్సర్ అరిగే సామాను, కంట్రోలర్ నిలిచే సామాను. నకిలీ సెన్సర్లు బజార్‌లో ఉన్నాయి. గల్ఫ్ నుంచి వచ్చే మామూతో తెప్పించుకున్నా పేరున్న దుకాణం రసీదుతోనే తెప్పించుకోండి.

ఎలా బిగించాలి

మంచి సెన్సర్ కొని తప్పు చోట బిగిస్తే అది అంకెలతో అబద్ధం చెబుతుంది. అంకెతో చెప్పిన అబద్ధాన్ని జనం ఇంకా ఎక్కువ నమ్ముతారు.

చోటు: అన్ని సిలిండర్ల పొగ కలిసిన తర్వాత, క్యాటలిటిక్ కన్వర్టర్ కంటే ముందు. టర్బో ఉంటే టర్బో తర్వాత. టర్బో ముందర వేడి, ఒత్తిడి రెండూ ఎక్కువ, సెన్సర్ తట్టుకోదు. ఇంజన్‌కి మరీ దగ్గరైతే కాలిపోతుంది, సైలెన్సర్ కొసన పెడితే బయటి గాలి కలిసి లీన్ అని చూపిస్తుంది.

కోణం: పైపును గడియారం ముఖం అనుకోండి. సెన్సర్ పది గంటలకు, రెండు గంటలకు మధ్య ఎక్కడైనా ఉండాలి. కింద నుంచి బిగించకూడదు. ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే పైపులో నీళ్లు చేరతాయి. లోపలి పింగాణీ పనిచేసేది సుమారు 780 డిగ్రీల మీద. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు, ఒక్క చుక్క తగిలితే అది పగులుతుంది.

వెల్డింగ్: పైపుకి బొక్క వేసి చూడీలున్న ఉక్కు రింగును వెల్డ్ చెయ్యాలి. కొలత ఎం18, 1.5 పిచ్. వెల్డ్ చేసేటప్పుడు అందులో సెన్సర్ ఉండకూడదు, బ్యాటరీ తీగ విప్పి ఉండాలి. సెన్సర్‌ను పానాతో బలమంతా పెట్టి తిప్పకండి, టార్క్ రెంచితో 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు చాలు. చూడీలకు పూసే పేస్టు చూడీలకే పరిమితం, ముక్కుకి అంటకూడదు. చుట్టుపక్కల సిలికాన్ సీలెంట్ వాడకండి, దాని ఆవిరి సెన్సర్‌కి జహర్.

లీకేజీ: సెన్సర్ కంటే ముందు గ్యాస్కెట్ ఎక్కడైనా కారుతుంటే బయటి హవా లోపలికి పీల్చుకుని లీన్ చూపిస్తుంది. అది చూసి పెట్రోల్ పెంచితే ఇంజన్ రిచ్ అయి కూర్చుంటుంది. అందుకే కొలత కంటే ముందు లీకేజీ పరీక్ష.

కరెంటు: తాళం తిప్పితే వచ్చే లైను నుంచి, దానికంటూ వేరే ఫ్యూజుతో ఇవ్వాలి. ఎర్త్‌ను, సంకేతం అందుకునే ఇంజన్ కంప్యూటర్ ఎర్త్ ఉన్న చోటే కలపాలి. వేర్వేరు చోట్ల కలిపితే చిన్న వోల్టేజీ తేడా వస్తుంది, మీటరు ఒకటి చెబుతుంది, ల్యాప్‌టాప్ ఇంకోటి. రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయా అని సరిపోల్చకుండా పని మొదలుపెట్టకండి. కరెంటు ఇవ్వని సెన్సర్‌ను పైపులో వదిలి ఇంజన్ నడపకండి. హీటర్ లేని సెన్సర్ మసి పట్టి చస్తుంది. తీసేస్తే ఆ బొక్కకి బిరడా బిగించండి.

అంకెను నమ్మాలి, పూజించొద్దు

వైడ్‌బ్యాండ్ కూడా అన్నీ చెప్పదు. నాలుగు సిలిండర్ల పొగను కలిపి సగటు చెబుతుంది. ఒక ఇంజెక్టర్ మూసుకుపోయి ఆ సిలిండర్ లీన్‌గా ఉన్నా, మిగిలిన మూడు రిచ్‌గా ఉంటే అంకె హాయిగా కనిపిస్తుంది. ఒక ప్లగ్గు మంట వెయ్యకపోతే కాలని ఆక్సిజన్ పొగలోకి వచ్చి లీన్ అంటుంది, నిజానికి పెట్రోల్ తగ్గలేదు. ఇంజన్ లోపలి నాకింగ్ దీనికి తెలియనే తెలియదు. ఇక్కడే ఉస్తాద్ చెవి, ప్లగ్గు చదివే కన్ను మళ్లీ పనికొస్తాయి. పాత హునర్, కొత్త తరాజు ఒక్క కార్ఖానాలో ఉండాలని నేననేది అందుకే.

ఇంకో మాట, ఈ అంకెలు రాబట్టడానికి రాత్రి రింగ్ రోడ్డు మీద పరుగులు పెట్టకండి. పూర్తి తొక్కు పరీక్ష డైనో మీద చెయ్యాలి, లేదా ట్రాక్ మీద. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూర్‌లో అలాంటి ట్రాక్‌లు ఉన్నాయి. అంత దూరం పోలేమంటే అంత తాకత్ అవసరం లేదని అర్థం.

కానూన్ కూడా గుర్తుండాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా గాడీని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి యజమానికి ఐదు వేల జుర్మానా, ఆరు నెలల దాకా ఖైదు పడొచ్చు. ట్యూన్ చేసినవాడు పక్కకి తప్పుకుంటాడు, నోటీసు వచ్చేది ఇంటికి. రోజూ పిల్లల్ని స్కూలుకి దింపే కారు నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి పికప్ పెంచుకోవడం ఏ హిసాబ్‌లో చూసినా గల్తే. ఆ పొగ పీల్చేది మన మొహల్లా పిల్లలే.

జబాన్ అడ్డుగోడ కాకూడదు

ఖర్చు గురించి అడుగుతారు. ఒక కార్ఖానాకి ఇది పదివేల మాటే అనుకోండి, ఇరవై వేల మాటే అనుకోండి, ఒక్క కరిగిన ఇంజన్ ఖర్చు ముందు ఎంత? పక్కపక్క నాలుగు దుకాణాలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. వెల్డింగ్ యంత్రం, ఇంజన్ ఎత్తే చైన్ బ్లాక్ అరువు ఇచ్చిపుచ్చుకునే గల్లీలో ఇదేమీ కొత్త కాదు.

నాకు కనిపించే అసలు అడ్డు డబ్బు కాదు, జబాన్. నేను ఉర్దూ మీడియంలో చదివాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు ఒక్కో మాట కూడబలుక్కున్న మెహనత్ నాకు తెలుసు. పదో తరగతి దాటని షాగిర్దు చేతికి ముప్ఫై పేజీల ఇంగ్లిష్ మాన్యువల్ ఇస్తే అతను దాన్ని డబ్బాలోనే వదిలేస్తాడు. వీడియో చూసి తీగలు కలుపుతాడు. అతనికి దిమాగ్ లేక కాదు, అతని జబాన్‌లో ఎవరూ రాయలేదు కాబట్టి. ఐటీఐ చదివిన మన పిల్లలు, ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలు ఈ పని చెయ్యొచ్చు. ఒక ఆదివారం మీ మామయ్య కార్ఖానాకి వెళ్లండి. ఒక చార్టు రాసి గోడకి అంటించండి, తెలుగులోనో ఉర్దూలోనో, ఉస్తాద్ చదవగలిగే లిపిలో. ఎల్‌ఎస్‌యూ 4.9కి బూడిద రంగు తీగ హీటర్ ప్లస్, తెల్లది హీటర్ కంట్రోల్, ఎర్రది పంపు, పసుపు ఉమ్మడి లైను, నల్లది కొలత. కనెక్టర్ కొయ్యొద్దు. పది గంటలకు, రెండు గంటలకు మధ్య. లీకేజీ ముందు చూడు. కరెంటు లేకుండా నడపకు. ఇంతే, ఒక్క పేజీ.

గాడీ ఇచ్చే ఖాందాన్‌లు కూడా డబ్బు కట్టే ముందు మూడు సవాళ్లు అడగండి. సెన్సర్ ఎక్కడ బిగించావు? మార్చక ముందు ఎంత చూపించింది? మార్చాక పూర్తి లోడ్‌లో ఎంత చూపించింది? జవాబులు కాగితం మీద గానీ ఫోన్‌లో గానీ ఇవ్వమనండి. ఇవ్వగలిగినవాడికి అడిగినంత ఇవ్వండి, బేరం ఆడకండి. ఇవ్వలేనివాడి దగ్గర చాయ్ తాగి, సలాం చెప్పి, కారు తాళాలు జేబులో వేసుకుని వచ్చేయండి.